మరమ్మతుకు ఇచ్చిన బండి కూడా అమానతే

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే కొనియాడుతున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పొరపాట్లకు ఆయన క్షమాభిక్షనే వేడుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్‌కు భయపడుతూ జీవించవలసిందిగా హితవు చెప్పుకుంటున్నాము. దైవభీతి మస్జిదు గడప లోపల మాత్రమే ఉండి, గడప దాటగానే చెప్పులతో పాటు మరొకటి తొడుక్కునే వస్తువు కాదు. అది బజారులో, కాటా దగ్గర, బిల్లు పుస్తకం మీద, స్పానరు పట్టిన చేతిలో ఉందో లేదో తెలుస్తుంది. నేటి మన ప్రసంగాంశం చాలా చిన్నదిగా కనిపించవచ్చు: మరమ్మతుకు ఇచ్చిన ఒక మోటారు సైకిలు. కాని తీర్పుదినాన త్రాసులో వేయబడే వాటిలో ఆవగింజంత కర్మ కూడా ఉంటుందని విశ్వసించే మనకు చిన్న విషయమంటూ ఏముంది?

మన ఊరి పేరులోనే గోదావరి ఉంది, ఖని ఉంది. ఇక్కడ బండి విలాసవస్తువు కాదు. కాలనీ ఒక చోట, బాయి ఒక చోట, ఓపెన్‌కాస్టు మరొక చోట. మొదటి షిఫ్టుకు పోయేవాడు ఫజర్ నమాజు చేసి బండి ఎక్కుతాడు. రెండవ షిఫ్టు దిగినవాడు అర్ధరాత్రి ఒంటరిగా ఇల్లు చేరతాడు. బండి కదలకపోతే మస్టరు పోతుంది, మస్టరు పోతే ఆ రోజు కూలి పోతుంది. పైగా మన రోడ్ల మీద టిప్పర్లు, బొగ్గు ధూళి. ఇతర ఊళ్ళలో ఏడాదికి పాడయ్యే చైను, గాలి ఫిల్టరు ఇక్కడ అంతకంటె ముందే అరిగిపోతాయి, పూడుకుపోతాయి. కనుక మెకానిక్ దుకాణానికి పోని ఇల్లు మన జమాఅత్‌లో లేదు. ఆ దుకాణాలు నడిపేవారిలోనూ మన సోదరులు ఎందరో ఉన్నారు. అంటే ఈ విషయంలో ఇచ్చేవారమూ మనమే, పుచ్చుకునేవారమూ మనమే.

సోదరులారా! మాకు జరిగిన ఒక సంఘటన మీ ముందు ఉంచుతున్నాము. ఇందులో దుకాణం పేరు గాని, మనిషి పేరు గాని రాదు. ఎవరైనా ఒక తప్పు చేసినప్పుడు దైవప్రవక్త (స) మింబరుపై నిలబడి అతని పేరు ఎత్తేవారు కాదు. కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారు అని సాధారణంగా హెచ్చరించేవారు. తప్పు తెలియాలి, మనిషి పరువు నిలవాలి. ఇదీ వారి విధానం.

కాలనీలలో పిల్లలకు ఖుర్ఆన్ పాఠం చెప్పడానికి మేము తిరిగే బండిని, వెనుక బ్రేకు పట్టడం లేదని, చైను మోత పెడుతున్నదని ఒక దుకాణంలో అప్పగించాము. మరునాటి అసర్ నాటికి ఇస్తానన్నారు. మరునాడు పోతే రేపు అన్నారు. ఆ రేపు తొమ్మిది రోజులు సాగింది. ఒకనాడు సామాను కరీంనగర్ నుండి రాలేదన్నారు. ఒకనాడు పిల్లవాడు పనికి రాలేదన్నారు. ఈలోగా మన ముసల్లీ ఒకరు వచ్చి, మీ బండిని గోదావరి వంతెన మీద మంచిర్యాల వైపు పోతుండగా చూశానని చెప్పారు. పదవ రోజున బండి చేతికి వచ్చింది. చైను సెట్టు, కొత్త బ్రేక్ షూలు, కూలి అన్నీ కలిపి బిల్లు ఇచ్చారు. మేము కూలి నాలుగు వందలు అన్నచోట రెండు వందల యాభైకి ఒప్పించి, బేరం గెలిచిన సంతోషంతో ఇల్లు చేరాము.

నాలుగవ రోజున చౌరస్తా దగ్గర ముందున్న టిప్పరు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు మీద కాలు వేస్తే, అది నీటిలో వేసినట్టు దిగిపోయింది. అల్లాహ్ దయతో పక్కకు తిప్పి పడ్డాము. మోకాలి చర్మం తప్ప పోయిందేమీ లేదు. మరొక మెకానిక్ చక్రం విప్పి చూపించారు. లోపల ఉన్నవి మా పాత షూలే. గరుకు కాగితంతో రుద్ది, పైన మెరుగు తెచ్చి, మళ్ళీ అవే బిగించారు. బిల్లులో మాత్రం కొత్తవి ఉన్నాయి.

సోదరులారా! ఆగి ఆలోచించండి. ఇక్కడ జరిగింది కొన్ని వందల రూపాయల మోసమేనా? భూగర్భ గనిలో పైకప్పును తట్టి చూసి, సపోర్టు సరిగా ఉందని సర్దార్ చెప్పిన మాటను నమ్మి మన కార్మికులు దాని కింద అడుగు పెడతారు. ఆ మాట అబద్ధమైతే ఏమి జరుగుతుందో ఈ ఊరిలో ఎవరికీ చెప్పవలసిన పని లేదు. మెకానిక్ చెప్పే "బ్రేకు బాగుంది" అన్న మాట కూడా అటువంటిదే. చక్రం మూత బిగించిన తరువాత లోపల ఏముందో యజమానికి కనపడదు. అది అతనికి, అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. అమానతు అంటే సరిగ్గా ఇదే: చూసేవాడు లేని చోట ఒకరి హక్కు మన చేతిలో ఉండటం.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ అన్నిసా సూరాలో ఆజ్ఞాపించాడు. షుఐబ్ (అలై) ప్రవక్తను మద్యన్ వాసుల వద్దకు పంపినప్పుడు, ఏకదైవారాధన తరువాత వారికి అందిన ప్రధాన హితవు కొలతలు, తూనికలు సరిగా ఉంచమని, ప్రజల వస్తువులను తక్కువ చేసి ఇవ్వవద్దని. తూకంలో మోసగించేవారి పేరుతోనే ఒక సూరా, అల్ ముతఫ్ఫిఫీన్, ఉంది. తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి వినాశాన్ని అది ప్రకటిస్తుంది. పాత షూకు కొత్త షూ ఖరీదు తీసుకోవడం త్రాసు లేకుండా చేసిన తూకపు మోసమే.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని యజమాని చెప్పాడు. అయితే ఆ తడిని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని వారు నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. గమనించండి, వర్షం పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. దాచడమే తప్పు. షూలు అరిగిపోవడం మెకానిక్ తప్పు కాదు, సామాను దొరకకపోవడం కూడా తప్పు కాదు. కొత్తవి దొరకలేదు, పాతవే సర్ది పెట్టాను, జాగ్రత్తగా నడపండి అని ఒక్క మాట చెప్పి ఉంటే అది హలాల్ సంపాదన అయ్యేది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మా) వస్త్ర వ్యాపారి. లోపం ఉన్న ఒక బట్టను భాగస్వామికి ఇచ్చి, ఆ లోపం చెప్పి అమ్మమన్నారు. భాగస్వామి మరచిపోయి అమ్మేశారు. కొన్నది ఎవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసివేశారని వారి జీవిత చరిత్రకారులు వ్రాశారు. మరచిపోయినందుకే వారి భయం అంతటిది. తెలిసి చేసిన దానికి మన భయం ఎంత ఉండాలి?

ఇక ఫిఖహ్ ఏమంటున్నదో చూడండి. పదిమంది పనీ పట్టే చేతివృత్తి మనిషి దగ్గర వస్తువు పాడైతే నష్టం ఎవరిది? అతని నిర్లక్ష్యమో, అతిక్రమణో లేనిదే, తన చేతి పని వల్ల కాకుండా జరిగిన నష్టానికి అతడు బాధ్యుడు కాడన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మా) అభిప్రాయం. నివారించలేని విపత్తులలో తప్ప బాధ్యుడే అని వారి శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మా) అన్నారు. హజ్రత్ అలీ (రజి) చేతివృత్తుల వారిని నష్టానికి బాధ్యులుగా చేసేవారని, అలా చేయనిదే ప్రజల వ్యవహారాలు చక్కబడవని భావించారని గ్రంథాలు పేర్కొంటున్నాయి. అభిప్రాయభేదం విపత్తు గురించే గాని ద్రోహం గురించి కాదు. వస్తువును అనుమతి లేకుండా వాడుకున్నవాడు, మాట తప్పి నష్టపరచినవాడు బాధ్యుడన్న విషయంలో సందేహానికి తావు లేదు. మరొక వైపు, కూలి ముట్టేవరకు తాను బాగుచేసిన వస్తువును ఆపుకునే హక్కు కూడా హనఫీ ఫిఖహ్ అద్దకం వంటి పనులవారికి, అంటే పని ఫలితం వస్తువులోనే నిలిచేవారికి ఇచ్చింది. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఈ రెండింటినీ చెబుతుంది: అప్పగించిన వస్తువును తన సొంత వస్తువులా కాపాడాలి, కూలి రానంతవరకు ఆపుకోవచ్చు. న్యాయం రెండు వైపులా ఉంది.

సోదరులారా! ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. మోకాలి కట్టు విప్పకముందే మేము మూడు చోట్ల ఈ కథ చెప్పాము. చాయ్ హోటల్ దగ్గర చెప్పినప్పుడు, అతడు అందరినీ ఇలాగే ముంచుతాడని, అతని దగ్గర ఉన్నదంతా దొంగ సామానేనని కూడా అన్నాము. మేము చూసింది మా బండి ఒక్కటే. మిగిలినదంతా కోపం కల్పించింది. అన్యాయానికి గురైనవాడు తన బాధ చెప్పుకోవడాన్ని అల్లాహ్ అనుమతించాడు. ఫిర్యాదు చేయడానికి, ధర్మసందేహం తీర్చుకోవడానికి, సలహా అడిగినవారిని హెచ్చరించడానికి ఒకరి లోపాన్ని చెప్పవచ్చునని ఇమామ్ నవవీ (రహ్మా) వంటి పండితులు వివరించారు. కాని జరిగిన దానికి జరగనిది కలిపితే అది ఫిర్యాదు కాదు, అపనింద. ఒక మోసానికి గురై, మరొక పాపంతో ఇల్లు చేరాము.

ఒక రాత్రి ఇషా తరువాత, దుకాణం మూసే వేళకు ఒంటరిగా అతని దగ్గరకు పోయి, విప్పిన షూలు ముందు పెట్టాము. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "హజ్రత్! తప్పు నాదే. కాని ఒక మాట వినండి. చక్రం విప్పి, బిగించి, సర్దినందుకు కూలి అడిగితే సగానికి బేరమాడని మనిషి లేడు. సామాను ఖరీదంటే మాత్రం మారు మాట్లాడకుండా ఇస్తారు. అందుకని కూలిని సామానులో కలుపుకోవడం అలవాటైంది. జీతాల నాడు ఇస్తామన్న వాళ్ళ పద్దులు ఈ నోటుబుక్కులో నెలల తరబడి ఉన్నాయి. మీరు కూడా నూటాయాభై తగ్గించి ఇచ్చారు."

ఆ మాట మాకు బ్రేకు తప్పినప్పటి కంటె గట్టిగా తగిలింది. అతని సాకు అతని పాపాన్ని హలాల్ చేయదు. తక్కువ కూలి నచ్చకపోతే పని నిరాకరించే హక్కు అతనికుంది, బ్రేకు దొంగిలించే హక్కు లేదు. కాని పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి మేమే మింబరుపై ఎన్నిసార్లు చెప్పాము! యాజమాన్యం మన కూలి తగ్గిస్తే సమ్మె చేసే ఊరు మనది. మరి మన బండి కింద పడుకుని, నూనె మరకలతో పని చేసినవాని కూలి దగ్గర మనమెందుకు యాజమాన్యం అవుతున్నాము?

అతడు షూల ఖరీదు తిరిగి ఇచ్చాడు. కొత్త షూలు మా కళ్ళ ముందే వేశాడు. మంచిర్యాలకు బండి తీసుకుపోయింది తానేనని ఒప్పుకున్నాడు. దానిని మేము క్షమించాము. తగ్గించిన నూటాయాభై అతని చేతిలో పెట్టాము. ఆ పక్కన నిలబడి ఇదంతా వింటున్న పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తలవంచుకున్నాడు. గరుకు కాగితంతో ఆ షూలను రుద్దింది అతని చేతులే. ఉస్తాద్ చెప్పాడు, శిష్యుడు చేశాడు. వెళ్ళేటప్పుడు మెకానిక్ అన్నాడు: "పేరు లేకుండా ఈ సంగతి ఖుత్బాలో చెప్పండి. వీడు నా దగ్గర స్పానరు పట్టడం ఒక్కటే కాదు, ఇది కూడా నేర్చుకున్నాడు. మీ నోటి నుండి వినాలి."

ఆ తరువాత మేము ఆ మూడు చోట్లకూ పోయి, మేము కల్పించి అన్న మాటలు వెనక్కు తీసుకున్నాము. ఒకరు నవ్వి, మీరు మంచివారు కాబట్టి అలా అంటున్నారన్నారు. నమ్మలేదు. నోటి నుండి పోయిన మాట అంత సులభంగా తిరిగి రాదు.

కనుక సోదరులారా, ముందుగా పనివారికి మా విన్నపం.

ఒకటి: పని ఏమిటో, కూలి ఎంతో ముందుగానే తేల్చండి. కూలి తెలియకుండా కుదిరిన ఒప్పందం లోపభూయిష్టమని ఫిఖహ్ అంటుంది. జగడాలన్నీ అక్కడే పుడతాయి. విప్పిన తరువాత కొత్త పని కనపడితే యజమానికి ఫోను చేసి అడగండి. గాలి ఫిల్టరులో బొగ్గు ధూళి దులిపితే పోయే దానికి బోరు పోయిందని చెప్పకండి.

రెండు: విప్పిన పాత సామాను యజమానిది. అతనికి చూపించి, తీసుకుపొమ్మని ఇవ్వండి. వదిలివేస్తే అప్పుడు మీది.

మూడు: పరీక్షించడానికి నడిపే దూరం వేరు, పెళ్ళికి పోయే దూరం వేరు. ఇతరుల పెట్రోలు కూడా అమానతే.

నాలుగు: ఇవ్వలేని రోజును వాగ్దానం చేయకండి. మాట్లాడితే అబద్ధం, వాగ్దానం చేస్తే భంగం, అమానతు ఇస్తే ద్రోహం. ఈ మూడింటినీ కపటి లక్షణాలుగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. ఒక్క "రేపు" అన్న మాటలో ఈ మూడూ ఇమిడిపోగలవు.

ఐదు: శిష్యులకు స్పానరుతో పాటు హలాల్, హరామ్ నేర్పండి. శిష్యులారా! సృష్టికర్తకు అవిధేయత అయ్యే చోట ఉస్తాద్ మాట వినవలసిన విధి మీకు లేదు.

ఇక బండి ఇచ్చేవారికి. ఏ పనులు చేయాలో, ఎంత అవుతుందో, ఎప్పుడు ఇస్తారో కాగితంపై వ్రాయించుకోండి. ఇది అనుమానించడం కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయతు అప్పుల పద్దు వ్రాసుకోవడం గురించే అవతరించింది. వ్రాత స్నేహాన్ని కాపాడుతుంది. బండి ఇచ్చేటప్పుడు కిలోమీటర్ల అంకె, పెట్రోలు మట్టం చూసి ఫోటో తీసుకోండి. పాత సామాను అడిగి చూడండి. బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా తగ్గించమని బేరమాడి, తరువాత రుజువు లేదని ఏడవకండి. కూలి న్యాయంగా, వెంటనే ఇవ్వండి. మోసం జరిగితే ముందు ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే పెద్దల ద్వారా, అదీ కాకపోతే చట్టం ద్వారా హక్కు అడగడం తప్పు కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవలో లోపానికి కూడా వర్తిస్తుంది. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో వకీలు లేకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అన్యాయాన్ని ఆపడం అన్యాయం చేసినవానికి కూడా సహాయమేనని దైవప్రవక్త (స) ప్రబోధించారు.

అల్లాహ్ మనందరి తప్పులను మన్నించుగాక. మీరు కూడా ఆయన మన్నింపును వేడుకోండి. నిస్సందేహంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కలుగుగాక!

ధార్మిక సోదరులారా! చేతిపని అల్పమైనదని షైతాన్ మనసులో వేయవచ్చు. దావూద్ (అలై) ప్రవక్త, రాజు కూడా. అయినా అల్లాహ్ ఆయనకు ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయడం నేర్పాడు. కవచం నిండుగా ఉండాలని, కడియాలను సరిగా కొలిచి అమర్చాలని ఆదేశించాడు. కడియం కొలత తప్పితే ఎక్కడో యుద్ధంలో ఒకరి ప్రాణం పోతుంది. ఇనుము పట్టే ప్రతి చేతికీ ఆ ఆదేశంలో పాఠం ఉంది.

మరొక సంగతి గుర్తుంచుకోండి. మక్కా వాసులు ప్రవక్త (స) సందేశాన్ని తిరస్కరించి కూడా తమ సొమ్ము వారి దగ్గరే దాచుకునేవారు. వారిని చంపడానికి కుట్ర పన్నిన రాత్రి సైతం ఆ అమానతులు అప్పగించడానికే హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి హిజ్రత్ చేశారు. మన దుకాణాలకు బండి తెచ్చేవారిలో అన్ని మతాల సోదరులు ఉన్నారు. వారిలో చాలామంది మన గ్రంథం చదవరు. మన బిల్లు చదువుతారు.

తీర్పుదినాన ఒకడు నమాజులతో, ఉపవాసాలతో, జకాతుతో వస్తాడు. కాని ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిపై నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. అతని పుణ్యాలు వారికి పంచబడతాయి. అవి అయిపోతే వారి పాపాలు అతనిపై వేయబడతాయి. అతడే నిజమైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. సోదరులారా, ఆ జాబితాలో సొమ్ము తిన్న మెకానిక్ ఉన్నాడు, నింద వేసిన మేమూ ఉన్నాము. దాసుల హక్కు దాసులు క్షమించనిదే తీరదు. ఎవరి బాకీ ఉందో, ఎవరి పాత సామాను మన మూలన ఉందో, ఎవరి కూలి మన జేబులో ఉందో ఈరోజు సాయంత్రం లోపలే చూసుకుందాం. రూపాయి చెల్లే చోటే రూపాయితో చెల్లించుకుందాం. అక్కడ చెల్లేది పుణ్యమొక్కటే.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి, అందులో బర్కత్ ప్రసాదించు. మా చేతులను ద్రోహం నుండి, మా నాలుకలను నింద నుండి కాపాడు. బాయిలోకి దిగేవారిని, రోడ్డుపై పోయేవారిని క్షేమంగా ఇంటికి చేర్చు. చూసేవారు లేని చోట నీవు చూస్తున్నావన్న ఎరుకను మా హృదయాలలో నిలుపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ మిమ్మల్ని న్యాయానికి, సద్వర్తనకు ఆజ్ఞాపిస్తున్నాడు, అన్యాయాన్ని నివారిస్తున్నాడు. ఆయనను స్మరించండి. నమాజుకు లేవండి.